నీళ్లు లేని లోతు

ఫేటూ తలుపు లాగి చక్రం బిగించాడు, బయటినుంచి ఎవరో ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టారు, అంతా సరిగ్గా ఉందని, ఇక గాలి బుసలు కొడుతూ లోపలికి రావడం మొదలైంది, దానితోపాటే ఉక్కపోత, చెవులు బిగుసుకున్నాయి, ముక్కు పట్టుకుని మెల్లిగా ఊదాను, కుడి చెవి టప్పుమని తెరుచుకుంది, ఎడమది ఎప్పటిలాగే మొండికేసింది, బలవంతంగా ఊదకు ఆంటీ, దవడ పక్కకి తిప్పి గుటకెయ్, అని ఎదురు మంచం పిల్ల నోయె నేర్పిన పద్ధతి, గుటకేశాను, అదీ తెరుచుకుంది. ఇవాళ నాకు ఆఖరి పూట. రేపటినుంచి ఈ ఇనుప పీపాలోకి రానక్కర్లేదు. నేను నడిపే సిటీ బస్సులో సగం పొడవుంటుంది, గుండ్రటి గాజు కిటికీలు, అటొక మంచం ఇటొక మంచం, మధ్యలో మమ్మల్ని కనిపెట్టుకుని ఫేటూ కూర్చునే స్టూలు, పాపం ఆ భారీ మనిషికి అది ఏ మూలకీ చాలదు. లోపల గాలిని నొక్కి నొక్కి నింపుతారు, సముద్రంలో నలభై అడుగుల కింద మనిషి మీద ఎంత బరువుంటుందో అంత బరువు వచ్చేదాకా, ఆ తర్వాత తలకి ప్లాస్టిక్ బుడగ తొడిగి ఉత్త ఆక్సిజన్ పీల్చమంటారు, అది నెత్తురులో కలిసి చచ్చిన చోటికి వెళ్లి ప్రాణం పోస్తుందట. నా చచ్చిన చోటు కుడిపాదం. కొత్త బూటు కరిచి బొబ్బ లేచింది, షుగర్ వల్ల పాదాలకి ఎప్పుడో స్పర్శ పోయింది గనక లేచినట్టే నాకు తెలియలేదు, మేజోడు తడిసి బ్రేకు మీద కాలు జారినప్పుడు తెలిసింది, అప్పటికి బొబ్బ పుండైంది, పుండు నల్లబడింది, పాదం ముందు సగం తీసేస్తే మేలన్నాడు ఒక డాక్టరు, తీసేముందు రెండు నెలలు పీపాలో పెట్టి చూద్దామంది ఇంకో డాక్టరు, ఆవిడ కడుపు చల్లగుండ. ఈ పూట అయ్యాక ఆవిడే వచ్చి కట్టు విప్పుతుంది, ఉంటుందో ఊడుతుందో చెబుతుంది.

"ఇవాళ ఎక్కడికమ్మా ప్రయాణం?" అన్నాడు ఫేటూ, గాలి మోతకి గొంతు పెంచి. రోజూ అడిగేదే. రోజూ నోయె జవాబు చెప్పేది, ఇవాళ పెద్ద ద్వీపంలో కోనా ఊరికి దక్షిణం వైపు అనో, నల్లరాతి కమాను కిందికి అనో. ఇవాళ నోయె గోడవైపు తిరిగి పడుకుంది. "ఏంటి, బస్సు కదలదా డ్రైవరమ్మా?" అని నన్ను చూశాడు. నేను ఎదురు మంచం మీద ఉన్న ఆ వీపుని చూశాను, ఎండకి రాగిరంగు తిరిగిన జుట్టుని చూశాను, అంతలో లోతు వచ్చేసింది, ఫేటూ నా మెడకి పట్టీ బిగించి బుడగ తొడిగాడు, లోకం మొత్తం ఒక్కటే హోరైపోయింది.

ఈ హోరులో మాట వినిపించదు, ఆలోచన మాత్రం గట్టిగా వినిపిస్తుంది. ఏమైంది ఈ పిల్లకి, నిన్న సాయంత్రం కూడా బాగానే ఉంది, కర్రలు పట్టుకుని వరండా చివరిదాకా నడిచిందట, నర్సు చెప్పింది, నడిచి వచ్చి కోడిగుడ్డూ అన్నం రెండు పళ్లేలు తిన్నదట. నేను ఈమెని మొదట చూసింది మోసుకొస్తుండగా. పెద్ద ద్వీపం నుంచి చిన్న విమానంలో, ఎత్తుకి వెళితే ఒంట్లో గాలి బుడగలు ఇంకా ఉబ్బుతాయని అలల మీద రాసుకుంటూ తెచ్చారట, నడుం కింద ఏదీ తనది కాదన్నట్టు పడుంది. కోనాలో డైవింగు పడవ మీద పని, జనాన్ని నీళ్ల కిందికి తీసుకెళ్లి చూపించి తీసుకురావడం. ఎవరో ఒకాయన లోతులో బెదిరి, నోట్లో గొట్టం ఊడబెరుక్కుని కొట్టుకుంటుంటే తన గొట్టం ఆయన నోట్లో పెట్టి పట్టుకుని పైకి తెచ్చింది, పైకి రావలసిన నిదానంలో రాలేదు, ఆయనకేమీ కాలేదు, ఈమె వెన్నులో బుడగలు పొంగాయి. కోపం రాదా నీకు ఆయన మీద, అని అడిగాను ఒకసారి. ఆయనకి ముగ్గురు పిల్లలట ఆంటీ, పడవ మీద ఎదురుచూస్తూ కూర్చున్నారు, ఆయన తల పైకి తేలగానే వాళ్లు వేసిన కేక వింటే నీకూ కోపం రాదు, అంది. ఆ కేక నేను వినలేదు గానీ ఆమె చెబుతుంటే విన్నట్టే ఉంది. ఆమెని మోసుకొచ్చిన నాటికి నేను వస్తూ నెల దాటింది, పుండు పుండులాగే ఉంది, చెవులు పోట్లు, ఈ తలుపు మూసినప్పుడల్లా గుండె దడ, నా బస్సుకి నిలువెత్తు అద్దం, నా ముందు సముద్రమూ ఆకాశమూ, అలాంటిదాన్ని తెచ్చి సీసాలో పెట్టినట్టు. ఆ రోజు డాక్టరమ్మతో చెప్పేద్దామని వచ్చాను, చాలు తల్లీ, కోసెయ్యండి, అని. నోట్లోనే ఉంది మాట. తలుపు మూసుకుంటుంటే నేను మంచం అంచు పట్టుకుని వణకడం ఆ కదల్లేని పిల్ల చూసింది. "ఆంటీ, మొదటిసారి దిగుతున్నావా?" అంది. ఎక్కడికి దిగడం అన్నాను. "కిందికి. ఇది సముద్రమే అనుకో, నీళ్లు లేవంతే. భయమేస్తే నా చెయ్యి చూడు" అని రెండు వేళ్లు తన కళ్లకీ నా కళ్లకీ మధ్య ఆడించి, ముక్కు పట్టుకుని ఎలా ఊదాలో చూపించింది. తన కాళ్లున్నాయో లేవో తెలియని మనిషి నా చెవుల సంగతి చూసింది. కోసెయ్యండి అన్న మాట ఆ రోజు అనలేదు, మర్నాడూ అనలేదు.

మర్నాటినుంచి ప్రయాణం మొదలైంది. ముందు ఆట, తర్వాత ఆట కాదు. ఏ నెలలో వెళ్లాలి, అక్టోబరులో, అప్పుడు కోనా వైపు నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి, వేసవిలో వద్దు, జనం. పొద్దుటి విమానం, దిగగానే తినకూడదు, తింటే పడవలో కక్కుతావు, ముసుబీ ఒకటి సంచీలో పెట్టుకో, పైకొచ్చాక తిను, సముద్రంలోంచి వచ్చి తిన్న ఉప్పటి అన్నం ముద్ద రుచి ఇంకెక్కడా రాదు. రబ్బరు బట్టలు నీ కొలతకి ఉంటాయిలే, మా కెప్టెన్ భార్య నీకంటే లావు. తాడు పట్టుకుని దిగాలి, తలకిందులుగా కాదు, పాదాలు ముందు, లిఫ్టులో దిగినట్టు. కింద తెల్లటి ఇసక, ఆ ఇసక ఏమిటో తెలుసా, చిలక చేప పగడపు రాళ్లు కొరికి నమిలి వెనకనుంచి వదిలింది, మీ వైకీకీ ఒడ్డున వాళ్లందరూ బోర్లా పడుకునేది దాని మీదే, అంది, ఫేటూ నవ్వి నవ్వి స్టూలు మీంచి పడబోయాడు. అవి నమలడం నీళ్లలో వినిపిస్తుందట, కరకరమని, ఊరంతా అప్పడాలు తింటున్నట్టు.

నాకు ఇవేమీ తెలియవు. ద్వీపంలో పుట్టి, అరవై దాటి, నీళ్లలో తల ముంచనిదాన్ని. వైపాహూలో చెరకు మిల్లు పొగగొట్టం కింద పెరిగాను, నాన్న చెరకు కోసేవాడు, సముద్రం దిబ్బ దిగితే అక్కడే, అయినా అది మాది కాదు, వలలున్న వాళ్లదీ పడవలున్న వాళ్లదీ, ఇప్పుడు హోటళ్లవాళ్లది. అమ్మ ఆదివారం చర్చి అయ్యాక ఒడ్డుకి తీసుకెళ్లేది, మోకాళ్ల దాకా, అంతే, మా మోకాళ్లు తడవగానే రండర్రా అని తన ఇలోకానో భాషలో అరిచేది, ఆమె ఊళ్లో సముద్రం ఆమె అన్నని తీసుకుపోయింది. ఆ తర్వాత బస్సు అద్దంలోంచి చూశాను ముప్పై ఏళ్లు, డైమండ్ హెడ్ కొండ మలుపు దగ్గర నీలమంతా ఒక్కసారి మీద పడుతుంది, ఎన్ని వేలసార్లు మలుపు తిప్పినా ప్రతిసారీ చేతులు చల్లబడతాయి, అయినా ఒక్కరోజు దిగి వెళ్లలేదు, స్టాపులో మనుషులుంటారు, వాళ్లని ఎక్కించుకోవాలి, అదే గుర్తు. ఎంత అందం పక్కనుంచి పోనిచ్చాను, అయినా అది నాకోసం అలాగే ఉంది, అలిగి ఎటూ పోలేదు, దానికి నా మీద దయే.

మా ఆయన రుఫీనోతో అన్నాను ఒకసారి భోజనాల దగ్గర, కాలు బాగైతే కోనా వెళ్లి నీళ్ల కిందికి దిగుతాను, అని. మునగాకూ పచ్చి బొప్పాయీ వేసి కోడి పులుసు పెట్టాడు ఆ పూట, గరిటె అలాగే పట్టుకుని, "దిగు దిగు, పైకి తియ్యడానికి నేనున్నాగా, నీ పెన్షను కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి మరీ దిగు" అన్నాడు. నీళ్లంటే నాకంటే భయం ఆ మనిషికి, స్నానం కూడా తలమీద చెంబుతో పోసుకుంటాడు గానీ షవరు కింద నిలబడడు. రోజూ నన్ను ఇక్కడ దింపి కార్లో కూర్చుంటానంటాడు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ రేడియో వింటానంటాడు. పోయిన వారం పీపాలో ఏదో గొట్టం బాగుచేయాల్సి వచ్చి నన్ను త్వరగా పంపించేశారు, కారు ఉంది, మనిషి లేడు. కాపలా అతను వీధికి అవతల ఉన్న ఊరి ఈతకొలను చూపించాడు. కర్ర ఊనుకుంటూ వెళ్లి కంచెలోంచి చూశాను. నడుముల్లోతు నీళ్లలో చిన్నపిల్లల వరసలో చివర నా మొగుడు, బట్టతల మీద రబ్బరు టోపీ, చేతుల్లో నురగపలక, కాళ్లు టపటపా కొట్టుకుంటున్నాడు, ముందు ఏడేళ్ల పిల్ల వెనక్కి తిరిగి, తాతా, మోకాళ్లు వంచకు, అంటోంది, సరేనమ్మా అంటున్నాడు. నేను తిరిగి వచ్చి కార్లో కూర్చున్నాను. ఆయన వచ్చాక కళ్లచుట్టూ రెండు గుండ్రటి గుర్తులు, ఈత కళ్లద్దాలు అదిమినవి, ఏమిటవి అని అడగలేదు. ఇంటికి వెళ్లేదాకా కిటికీలోంచి బయటికే చూశాను, ఆయన్ని చూస్తే ఏడుస్తానని. నలభై ఏళ్ల కాపురంలో ఒక్క మంచి మాట అనని మనిషిని ఇచ్చావా తల్లీ అని మరియమ్మతో ఎన్నోసార్లు దెబ్బలాడాను, ఆ దెబ్బలాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

హోరు ఆగింది. ఫేటూ బుడగ తీశాడు. "ఐదు నిమిషాలు మామూలు గాలి. నీళ్లు తాగండి, మాట్లాడుకోండి, కొట్టుకోకండి."

నోయె ఇటు తిరగలేదు.

"ఏమైందే పిల్లా?"

"ఏం కాలేదాంటీ."

"నేను బస్సు నడిపేదాన్ని. వెనక సీట్లో ఎవరు ఏడుస్తున్నారో అద్దంలో చూడకుండానే చెబుతాను."

కాసేపటికి వెల్లకిలా తిరిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "పొద్దున డాక్టరు చెప్పింది. నడుస్తానట. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుందట, అంతే."

"మంచిమాటే కదే!"

"సిలిండరు కట్టుకుని కిందికి వెళ్లకూడదంది. ఈ ఏడాదో వచ్చే ఏడాదో కాదు, ఇక ఎప్పుడూ. ఇంకొక్క బుడగ అక్కడే పడితే మెడ దాకా చచ్చుబడిపోతుందట. పైపైన ఈదుకోవచ్చట." పైపైన అన్న మాట పళ్లతో కొరికి ఉమ్మింది. "నిన్ను దింపుతానని మాటిచ్చాను ఆంటీ."

ఫేటూ గాలి బరువు చూపే గడియారం వైపు చూస్తున్నాడు, చూడాల్సిందేమీ లేకపోయినా. అతనికి తెలుసు, ముందే తెలుసు.

"మా కెప్టెన్ దింపుతాడు నిన్ను. నాకంటే ఓపిక ఎక్కువ ఆయనకి. నువ్వు వెళ్లు."

"నువ్వు లేకుండా నాకేం పనే అక్కడ? చేపలే చూడాలంటే చైనాటౌన్ బజార్లో ఐసు మీద బోలెడున్నాయి."

ఫేటూ ముక్కులోంచి నవ్వాడు. నోయె కూడా నవ్వింది, నవ్వు మధ్యలో విరిగిపోయింది, ముఖానికి దుప్పటి అడ్డం పెట్టుకుంది. అతను మెల్లిగా దుప్పటి తీసి, తుడిచి, బుడగ తొడిగాడు, తర్వాత నాకు.

మళ్లీ హోరు. ఇప్పుడు ఈ హోరులో ఆమె ఏడుస్తోంది, నాకు వినిపించదు, భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఏం చెయ్యను, కన్నీళ్లు తుడవడానికి కూడా బుడగలోకి చెయ్యి పోదు. అందుకని మంచం చివరికి జరిగి చెయ్యి చాపాను, ఆమె పాదం అందింది. ఇది మాకు అలవాటే. మా ఇద్దరి పాదాలూ మా మాట వినవు, నాది షుగర్ తినేసింది, ఆమెది సముద్రం లాగేసుకుంది, అందుకని ఒకరి పాదం ఒకరం చూసుకునేవాళ్లం, నా పుండు నాకు తెలియదు గనక కట్టు మార్చినప్పుడల్లా ఆమె చూసి చెప్పేది, అంచు ఎర్రబడింది ఆంటీ, మంచిదే, నిన్నటికంటే చిన్నదైంది, అని. నేనేమో గోటితో ఆమె అరికాలు గీసేదాన్ని, తెలుస్తోందా, లేదు, ఇక్కడ, లేదు, ఇక్కడ, లేదు ఆంటీ వదిలెయ్, వదలను, ఇక్కడ. ఒకరోజు బొటనవేలి కింద గీస్తే, "ఏయ్, చక్కిలిగింత!" అని అరిచింది, అరిచి తనే నోరు మూసుకుంది, ఫేటూ లేచి నిలబడి తల పైకప్పుకి కొట్టుకున్నాడు, బయట కిటికీ దగ్గర నర్సు ఏమైందో అని పరిగెత్తుకొచ్చింది, ముగ్గురమూ ఆ పీపాలో పిచ్చివాళ్లలా కేకలు వేశాం. ఆ రోజు పీల్చిన గాలి ఇంకా నా ఛాతీలో ఉంది. ఇప్పుడు అదే చోట గీశాను. ఆమె వేళ్లు ముడుచుకున్నాయి, తెలుస్తోందన్నమాట, ఏడుస్తూనే కాలు లాక్కుంది, మళ్లీ తనే నా చేతిలో పెట్టింది.

ఈ పిల్ల నాకు ఏమిచ్చిందో లెక్క కట్టబోతే అందదు. పాదం ఉంటుందో లేదో ఇంకా తెలియదు, పోయినా సరే, ఇచ్చింది ఇచ్చిందే. ముప్పై ఏళ్లు పక్కనుంచి పోనిచ్చిన నీలం లోపలికి నన్ను రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, తాడు పట్టించింది, ఇసక మీద నిలబెట్టింది, రాతి కమాను కింద చీకట్లో ఓ ముసలి మలుగుపాము ఉంటుంది, పై పెదవి చిరిగి, ఎప్పుడూ ఆవలిస్తున్నట్టే ఉంటుంది, అది నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు, దానికి నేను తెలుసో లేదో, అంది. దానికి తోడు ఒక పెద్ద టేకు చేప, రెక్కలు కొట్టుకుంటూ తలమీదుగా పోతే నీడ చల్లగా తగులుతుందట. ఇవన్నీ ఆమె ఊళ్లో మనుషులు. ఇక ఆమె ఆ ఊరు వెళ్లదు. అక్కడెవరున్నారో ఎవరు పోయారో ఆమెకి ఎవరు చెబుతారు, కెప్టెన్ చెబుతాడు, బాగానే ఉంది అంటాడు, మగవాళ్లు అంతకంటే ఏం చెబుతారు. అరికాలు ఆమెది, తెలిసింది మాత్రం ముందు నా గోటికి. పుండు నాది, చూసింది ఆమె కళ్లు. అయితే ఇదీ అంతే కదా. ఇంత సులువైన మాట ఇంతసేపటికి తట్టిందేమిటి నాకు, ఆక్సిజన్ ఉత్తదే పీలుస్తున్నాను కదా, బుర్రకి త్వరగా ఎక్కొద్దూ!

బుడగలు తీశారు. పైకి తేవడం మొదలైంది, బరువు తగ్గుతుంటే చలి, గాలిలో పొగమంచు పుట్టింది, ఎదురు మంచం మసకైంది, మేఘంలో కూర్చున్నట్టు.

"నోయే, నేను దిగుతాను."

"దిగమన్నాగా."

"నాకోసం కాదే. నువ్వు పడవలో కూర్చో. నేను దిగి, చూసి, పైకొచ్చి నీకు చెబుతాను. ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరికి పిల్లలు పుట్టారు, అన్నీ."

మంచులో ఆమె మంచం కిర్రుమంది. తర్వాత, "నీకు చేపల పేర్లు నోరు తిరగవు ఆంటీ."

"నీలంది, మూతి వంకరది అని చెబుతాను. పేరు నువ్వు పెట్టుకో."

"కిందికి వెళ్తే మొదటిసారి అందరూ అన్నీ మర్చిపోతారు."

"అయితే రెండోసారి దిగుతాను. మూడోసారీ దిగుతాను. నీకు సరిగ్గా అప్పజెప్పేదాకా దిగుతూనే ఉంటాను, నువ్వు ఇంటికి పో అనేదాకా."

"గాలి కొంచెం కొంచెంగా పీలుస్తావా? కంగారుపడి లాగేస్తే అరగంట కూడా రాదు."

"నువ్వే నేర్పావుగా."

మెల్లిగా అటువైపునుంచి ఒక చెయ్యి మంచులోంచి వచ్చింది, నా మంచం మీది దుప్పటి పైన వేలితో గీత గీయడం మొదలుపెట్టింది. "ఇదీ తాడు. దీని కుడిపక్క ఇసక. కమాను ఇక్కడ. లోపలికి చెయ్యి పెట్టకు, ఆ ముసలిది కరుస్తుంది. పక్కకి వంగి చూడు. పెదవి చిరిగింది కుడివైపా ఎడమవైపా చెప్పాలి నాకు, లేకపోతే దాన్ని చూసినట్టు కాదు."

"ఏ వైపు?"

"చెప్పను. చూసి నువ్వే చెప్పాలి."

ఫేటూ చక్రం తిప్పాడు, తలుపు తెరుచుకుంది, బయటి వెలుగు లోపలికి పడింది. రుఫీనో గడపలో ఉన్నాడు, ఎప్పుడూ కార్లోంచి కదలని మనిషి, జుట్టున్నంతమేరా తడి, క్లోరిన్ వాసన. డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కట్టు విప్పింది. నేను చూడలేదు, రుఫీనో ముఖం చూశాను. ఆయన రెండు నెలలుగా కట్టు విప్పినప్పుడల్లా కిటికీ వైపు తిరిగేవాడు, ఇవాళ వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. "మూసుకుంది," అంది డాక్టరమ్మ, "పాదం నీదే వెర్నా, తీసుకెళ్లు." అప్పుడు చూశాను. పలచటి కొత్త చర్మం, లేత గులాబీ రంగు, ఇంకా ఎండ చూడనిది. ఎవరికి చెప్పను కృతజ్ఞత, ఆవిడకా, ఫేటూకా, మరియమ్మకా, ఉత్త గాలికా, అందరికీ కలిపి ఒకటే వచ్చింది నోట్లోంచి, అదీ మాట కాదు, ఏదో చప్పుడు. కోనా సంగతి అడిగితే, అక్టోబరు నాటికి చర్మం గట్టిపడి షుగర్ అదుపులో ఉంటే, ఇంకోసారి పరీక్ష చేసి, తక్కువ లోతుకి అయితే ఒప్పుకుంటానంది.

నోయె రెండు కర్రల మీద వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది, పాదం చూసి తల ఊపింది, తర్వాత గోడకి ఆనుకుని ఫోను తీసింది. కెప్టెన్ గొంతు గాలిలోంచి, ఇంజను మోతలోంచి వచ్చింది, ఎలా ఉన్నావే, ఎప్పుడొస్తున్నావు, అని. ఆ సంగతి తర్వాత చెబుతానంది. అక్టోబర్లో ఒక పేరు రాసుకోమంది.

"ఇద్దరు," అన్నాడు రుఫీనో వెనకనుంచి, నేలవైపు చూస్తూ.

"ఇద్దరు. వెర్నా పాస్క్వా, రుఫీనో పాస్క్వా. నేను పడవ మీదే ఉంటాను."

"ముందెప్పుడైనా దిగారా వాళ్లు?" అన్నాడు కెప్టెన్.

నోయె నావైపు చూసింది.

"అంకుల్ కొత్త," అంది. "ఆంటీ నాతో రోజూ దిగింది."